నాలా నోటి దగ్గర తేలే పడకలు: మా చెరువు ప్రాజెక్టు డైరీ

మే చివరి వారం

కాగితాల మీద మా ప్రాజెక్టు పేరు రెండు వరుసలుంటుంది. మేమంతా దాన్ని ‘చెరువు పని’ అనే పిలుచుకుంటున్నాం. నగరానికి పడమటి వైపు అపార్టుమెంట్ల మధ్య మిగిలిన పాత చెరువు ఇది. ఎగువ చెరువు అలుగు పారితే నీళ్లు దీనిలోకి వస్తాయి. దీని అలుగు పారితే దిగువ చెరువుకు, అక్కడి నుంచి మూసీకి పోతాయి. గొలుసుకట్టు చెరువుల్లో ఇదొక లంకె. వానలున్నా లేకపోయినా ఒక నాలా ఏడాది పొడవునా ఇళ్ల మురుగును దీనిలో కలుపుతోంది. నడివేసవిలో కూడా చెరువు పూర్తిగా ఎండిపోకపోవడానికి కారణం అదే. దారిన పోయేవాళ్లు ఆ నీళ్లు చూసి సంతోషిస్తారు.

రసాయనశాస్త్రం నుంచి నేను, సివిల్ ఇంజినీరింగ్ నుంచి ఇద్దరు, వృక్షశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, సమాజశాస్త్రం నుంచి ఒక్కొక్కరు, పాత భూమి పటాలు చదవగలిగిన చరిత్ర మేడమ్ ఒకరు. ఇదీ మా బృందం. నాలా చెరువులో కలిసేచోట తేలియాడే మొక్కల పడకలు వేసి, నీరు ఎంతవరకు శుభ్రపడుతుందో కొలవాలన్నది మొదటి ఆలోచన. ఇది హైదరాబాదుకు కొత్త కాదు. నెక్నాంపూర్‌లో ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ చొరవతో 2018లోనే పెద్ద తేలియాడే పడక వేశారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఊళ్ల మురుగునీటిని మొక్కల మడుల గుండా పారించి, సాగుకు వాడుకునే పద్ధతి మీద చాలాకాలంగా పనిచేస్తున్నారు.

మడులు కట్టకుండా తేలే పడకలనే ఎంచుకోవడానికి కారణం చెరువు స్వభావమే. మన చెరువుల్లో నీటిమట్టం వానాకాలానికి, వేసవికి మనిషెత్తు తేడాతో మారిపోతుంది. నేలలో నాటిన మొక్క జులైలో మునిగిపోతుంది, ఏప్రిల్‌లో ఎండిపోతుంది. పడక మాత్రం నీటితో పాటే లేస్తుంది, దిగుతుంది.

మృగశిర కార్తె

కార్తె ప్రవేశించిన రోజు నగరమంతా చేపల కోసం బారులు తీరుతుంది. మా చెరువు కట్ట మీద కూడా వల ఆరేసి ఉంది. సమాజశాస్త్ర విద్యార్థిని అక్కడ ఒక పెద్దాయనతో మాట్లాడుతుంటే నేను సీసాలు సర్దుకుంటున్నాను. ఆయన మా సామాను కాసేపు చూసి అన్నాడు: “పదకొండు గంటలకు వస్తే చెరువు బాగానే ఉంటుంది బిడ్డా. కోడి కూయకముందు రండి. బొచ్చెలు, రోహులు నోళ్లు తెరుచుకుని పైకి వస్తాయి.”

“కొర్రమీను కూడా వస్తుందా తాతా?”

“దానికేం, అది గాలి మింగి బతుకుతుంది. చచ్చేవి మిగతావే.”

ఆ ఒక్క మాటతో మా నమూనాల సమయపట్టిక మొత్తం మారింది. పచ్చగా నాచు పెరిగిన చెరువులో పగలంతా కిరణజన్య సంయోగక్రియ జరిగి నీటిలో ప్రాణవాయువు పెరుగుతుంది. రాత్రి అదే నాచు, అడుగున ఉన్న మడ్డి, బాక్టీరియా కలిసి దాన్ని తాగేస్తాయి. సూర్యోదయానికి ముందు అది అట్టడుగుకు చేరుతుంది. మధ్యాహ్నపు కొలత ఒక్కటే చూస్తే ఏ చెరువైనా ఆరోగ్యంగానే కనబడుతుంది. కొర్రమీను మన రాష్ట్ర చేప. నీటిలో ప్రాణవాయువు తగ్గినా పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. అందుకే అది బతికి ఉన్నంత మాత్రాన నీరు బాగున్నట్లు కాదు.

మరుసటి వారం చీకటితోనే బయలుదేరాం. ప్రాణవాయువును మీటరుతోనూ చూస్తాం. అయితే మురుగునీటిలో మీటరు కొన మీద జిడ్డు పేరుకుంటుంది కాబట్టి, నాకు 1888 నాటి వింక్లర్ పద్ధతి మీదే నమ్మకం ఎక్కువ. 300 మిల్లీలీటర్ల గాజుసీసాను ఒక్క గాలిబుడగ కూడా మిగలకుండా నింపాలి. మాంగనీసు సల్ఫేటును, దాని వెంటనే క్షారం కలిసిన అయొడైడు ద్రావణాన్ని పిపెట్ కొన నీటిలో ముంచి వదలాలి. మూత బిగించి సీసాను తలకిందులు చేస్తూ కలపాలి. ప్రాణవాయువు ఉంటే గోధుమరంగు తునకలు ఏర్పడి మెల్లగా దిగుతాయి. లేకపోతే ఆ తునకలు తెల్లగానే ఉండిపోతాయి.

చెరువు నడుమ, అలుగు దగ్గర, నాలా నోట్లో ఒక్కో సీసా నింపాం. అలుగు దగ్గరి సీసాలో గోధుమరంగు వచ్చింది. నడిమధ్య సీసాలో లేత రంగు కనిపించీ కనిపించనట్టు ఉంది. నాలా నోటి సీసాలో పాలవిరుగుడు లాంటి తెలుపు. ఆ తెలుపు చూడగానే సివిల్ విద్యార్థి, “ఇంకా కలపాలేమో” అన్నాడు. ఎంత కలిపినా అది తెల్లగానే ఉంది. 30 డిగ్రీల వేడిలో శుభ్రమైన నీరు హైదరాబాదు ఎత్తులో లీటరుకు సుమారు 7 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలదు. స్నానానికి యోగ్యమనాలంటే కనీసం 5 ఉండాలని మన ప్రమాణం. ఈ సీసాలో కొలవడానికే ఏమీ లేదు.

సూర్యుడు నడినెత్తికి వచ్చాక అదే చోట్ల మళ్లీ నింపాం. నడిమధ్య సీసా ముదురు గోధుమరంగుకు తిరిగింది. నాలా నోటి సీసా తెలుపు మారలేదు.

జులై, బోనాల రోజులు

సివిల్ వాళ్ల పని మొదలైంది. నీటిలో ఏముందో నేను ఎంత జాగ్రత్తగా తేల్చినా, ఎంత నీరు వస్తోందో తెలియకపోతే ఆ లెక్క సగమే. నాలాలో ఒక ఇనుప పలకను అడ్డంగా బిగించారు. దాని పైఅంచున 90 డిగ్రీల కోణంలో ‘వి’ ఆకారపు గంటు ఉంటుంది. గంటు మీద నీరు ఎంత ఎత్తున పొంగుతోందో కొలిస్తే ప్రవాహం తెలుస్తుంది. ఎత్తు 10 సెంటీమీటర్లయితే సెకనుకు 4.4 లీటర్లు. ఎత్తు రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు కాదు, ఐదున్నర రెట్లు దాటుతుంది. అందుకని స్కేలు మీద ఒక్క సెంటీమీటరు తేడా కూడా పెద్దదే. గంటులో పాల ప్యాకెట్టు ఇరుక్కుంటే నీరు వెనక్కి ఎగదన్ని కొలత పెరిగిపోతుంది. పలకకు రెండు మీటర్ల ఎగువన ఇనుప జాలీ బిగించి, దాన్ని శుభ్రం చేయడం అందరికీ వంతుల వారీగా పెట్టుకున్నాం. బోనాల ఆదివారాల్లో పూలు, వేపమండలు, విస్తరాకులు వచ్చాయి. మిగతా రోజుల్లో వచ్చేది ప్లాస్టిక్కే.

ఇక అసలు లెక్క. దేశంలో మురుగునీటి శుద్ధి కేంద్రాల రూపకల్పనకు వాడే కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ ప్రకారం పట్టణవాసికి రోజుకు 135 లీటర్ల నీరు కావాలి. అందులో 80 శాతం, అంటే 108 లీటర్లు, మురుగుగా తిరిగివస్తుంది. ఒక మనిషి నుంచి వచ్చే సేంద్రియ కాలుష్యాన్ని అది రోజుకు 27 గ్రాముల బీఓడీగా (ఆ మురుగును కుళ్లబెట్టేటప్పుడు బాక్టీరియా వాడుకునే ప్రాణవాయువుగా) లెక్కిస్తుంది. ఆ 27 గ్రాములు 108 లీటర్లలో కలిస్తే లీటరుకు 250 మిల్లీగ్రాములు. గంటు మీద నీరు రోజంతా 10 సెంటీమీటర్ల ఎత్తున పారిందనుకుందాం. రోజుకు దాదాపు 3,80,000 లీటర్లు, అంటే మూడున్నర వేల మంది మురుగు, 95 కిలోల బీఓడీ.

లోతు తక్కువ చిత్తడి మడులకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2000లో ఇచ్చిన మార్గదర్శకాలు హెక్టారుకు రోజుకు సుమారు 60 కిలోలను మించనివ్వవు. ఆ కొలమానంతో చూస్తే ఈ చిన్న ప్రవాహానికే హెక్టారున్నరకు పైగా మడులు కావాలి. మేము వేయగల పడకలన్నీ పక్కపక్కన పేర్చినా ఒక ఇంటి ముంగిలికి మించవు.

శనివారం సమావేశంలో ఈ లెక్క బోర్డు మీద రాసినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ప్రాజెక్టు మానేయాల్సిన పని లేదనే నా వాదన. పడకలు ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ పనికిరావో ఇప్పుడు ఖచ్చితంగా చెప్పగలం. పచ్చి మురుగును నాలాలోనే ఆపి శుద్ధి కేంద్రానికి మళ్లించాలి. దానికి బదులుగా మొక్కలు చాలవు. మళ్లించాక చెరువులో మిగిలే నత్రజని, భాస్వరం, వాన తెచ్చే చెత్త, వీటి మీద పడకలు పనిచేస్తాయి. నీటి మీద పూలమొక్కలు తేలుతుంటే ఫొటో చాలా అందంగా వస్తుంది. ఆ అందం చూపించి మురుగు సమస్య తీరిపోయిందని ఎవరైనా అంటే చెరువుకు అంతకంటే అన్యాయం లేదు.

ఆగస్టు

పడకలు కట్టే పని. మూతలు బిగించి అంటించిన పీవీసీ గొట్టాలతో చట్రం, పైన వెదురు అల్లిక, దాని మీద నైలాన్ వల, కొబ్బరి పీచు పరుపు. థర్మకోల్ వద్దని ముందే అనుకున్నాం. ఎండకు పొడై, ఆ గుళ్లు చేపల కడుపుల్లోకి పోతాయి. జాలరులు తెప్పలకు లంగరు వేసే పద్ధతిలో రాళ్ల మూటలు కట్టి, నీరు పెరిగినా తాళ్లు బిగుసుకోకుండా బారు వదిలాం. ఆ ముడి వేయడం కట్ట మీది తాత నేర్పించాడు.

మొక్కల ఎంపిక మీద వృక్షశాస్త్ర విద్యార్థినికి, సివిల్ వాళ్లకు గట్టి చర్చ జరిగింది. వాళ్లు జమ్ము అడిగారు, ఎందుకంటే అది మురుగులో బాగా పెరుగుతుంది. ఆమె ఒప్పుకోలేదు. దూదిపింజల్లాంటి గింజలు గాలికెగిరి ఒడ్డంతా జమ్ము ఆక్రమిస్తే, చెరువు పూడిపోవడానికి మనమే కారణమవుతామంది. మెట్టతామర, వట్టివేరు మీద రాజీ కుదిరింది. నాకు ఆమె మాటే సరైనదనిపించింది. గుర్రపుడెక్క కథ మన కళ్ల ముందే ఉంది. దక్షిణ అమెరికా నుంచి అందమైన పూలమొక్కగా వచ్చి, అనువైన నీటిలో రెండు వారాల్లో రెట్టింపవుతుంది. బరువులో తొంభై శాతానికి పైగా నీరే కాబట్టి లాగేవాళ్ల నడుములు విరుగుతాయి. లాగి కట్ట మీదే పోస్తే కుళ్లి, ఆ రసం మళ్లీ చెరువులోకే జారుతుంది.

వేళ్లు నీటిలోకి దిగడం మొదలైంది. నీటిని శుభ్రం చేసే పనిలో ఎక్కువ భాగం మొక్కది కాదు, ఆ వేళ్ల మీద పట్టే జిగట పొరది. ఒక వేరును గాజు పళ్లెంలో ఉంచి చూస్తే బూడిదరంగు పొర కదులుతూ కనిపిస్తుంది. కోట్ల సూక్ష్మజీవులు అందులో కాపురముంటాయి. మొక్క పీల్చిన నత్రజని, భాస్వరం ఆకుల్లో చేరతాయి. కాబట్టి ఆకులు ఎప్పటికప్పుడు కోసి బయటికి తీసుకుపోవాలి. కోయకపోతే రాలి, కుళ్లి, తీసుకున్నదంతా తిరిగి చెరువుకే అప్పగిస్తాయి. ఇంకో జాగ్రత్త. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియాకు ప్రాణవాయువు తప్పనిసరి. తెల్ల తునకలు వచ్చిన చోట పడక వేస్తే ఆ మార్పు జరగదు, పైగా నీటికి గాలి తగలకుండా కప్పేస్తాం. అందుకని పడకలను నాలా నోటి నుంచి చెరువు లోపలికి జరిపి, మధ్యమధ్య ఖాళీలు వదిలాం.

సెప్టెంబరు

ఈ నెలంతా సమాజశాస్త్ర విభాగానిదే.

నాలా పక్క బస్తీలో వాసన గురించి అడిగితే కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ముక్కు మూసుకుని చెప్పారు. పాతికేళ్లుగా ఉంటున్నవాళ్లు, “అలవాటైపోయిందమ్మా, ఏమీ అనిపించదు” అన్నారు. కాగితం మీద వాళ్లకు ఇబ్బంది లేనట్టే పడింది. అయితే ఒకావిడ వెళ్లబోతున్న మా సమాజశాస్త్ర విద్యార్థినిని ఆపి, తన కాళ్లు చూపించిందట. “పట్టీలు తోమించుకొచ్చి వారం కాలేదు, చూడండి ఎంత నల్లబడ్డాయో. ఇక్కడ ఎవరి పట్టీలైనా ఇంతే.” అది ‘ఇతర విషయాలు’ అన్న గడిలో నమోదైంది.

శనివారం ఆ గడి చదువుతుంటే నేను మళ్లీ చదవమన్నాను. ప్రాణవాయువు లేని మడ్డిలో కొన్ని బాక్టీరియా నీటిలోని సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. వెండి మీద అది నల్లని సిల్వర్ సల్ఫైడ్ పొరగా మారుతుంది. ముక్కు ఆ వాసనకు మొద్దుబారిపోతుంది, వెండి మొద్దుబారదు. నాలా నోటి సీసాలో వచ్చిన తెలుపు, ఆవిడ పట్టీల మీది నలుపు, రెండూ ఒకే కారణానికి రెండు గుర్తులు.

మ్యూజియంలు, కంప్యూటర్ సర్వర్ల గదుల్లో గాలి ఎంత హానికరమో తెలుసుకోవడానికి వెండి, రాగి రేకులను 30 రోజులు వేలాడదీసి చూసే పద్ధతి ఒకటి ఉంది. దాన్నే బస్తీకి తెచ్చాం. వేలెడంత రేకులను నున్నగా రుద్ది, తూచి, దారంతో కట్టి, నాలా పక్క ఇళ్ల చూరు కింద, రెండు వీధుల అవతల, అలుగు వైపు ఇళ్లలో వేలాడదీశాం. రాగికి తేమ తగిలినా రంగు మారుతుంది కాబట్టి రెండు లోహాలూ పక్కపక్కనే ఉండాలి. ఎందుకో ఇంటింటా కూర్చుని చెప్పాం. పట్టీల ఆవిడ తన ఇంటి రేకుకు వాన చినుకు తగలకుండా చిప్ప అడ్డం పెట్టింది. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన పరికరం ఏదని అడిగితే ఆ రేకునే చూపిస్తాను. అది ఏం చెబుతోందో చూడటానికి చదువు అక్కర్లేదు. నల్లబడితే నల్లబడినట్టే.

బతుకమ్మ, ఆ తర్వాత

నెల తిరిగాక రేకులు దించాం. నాలా పక్కవి నల్లగా, అంచుల్లో నీలంగా మెరిశాయి. అవతలి వీధివి పసుపు తిరిగాయి. అలుగు వైపువి దాదాపు వేలాడదీసినట్టే ఉన్నాయి. బరువులు తూచే పని ఇంకా మిగిలి ఉంది, కానీ ఆ మూడు రంగుల వరుస చూసినవాళ్లెవరికీ వివరణ అవసరం రాలేదు.

పెద్ద బతుకమ్మ రోజు ఆడవాళ్లు గునుగు, తంగేడు పూల బతుకమ్మలను నాలా వైపు మెట్ల దగ్గరికి తేలేదు. చుట్టూ తిరిగి అలుగు వైపు మెట్లకు వెళ్లి వదిలారు. ఎందుకని మా సమాజశాస్త్ర విద్యార్థిని అడిగితే, “మురుగులో తల్లిని ఎట్లా వదులుతాం?” అని ఎదురు ప్రశ్న వేశారు. చెరువులో ఏ చోటు బాగుపడితే ఊరు సంతోషిస్తుందో ఆ ప్రశ్నలోనే తేలిపోయింది. మా లక్ష్యాల పత్రంలో ఇప్పుడు బీఓడీ అంకెతో పాటు నాలా వైపు మెట్ల పేరు కూడా ఉంది.

చరిత్ర మేడమ్ నిజాం కాలపు భూమి రికార్డులతో ఇప్పటి పటాన్ని పోల్చి, శిఖం భూమి, అంటే చెరువు నిండినప్పుడు నీరు పరుచుకునే భూమి, హద్దును గీశారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచిన తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయని అందరం చదివాం. ఆమె చెప్పే మాట వేరు. ఆ పెద్ద జలాశయాలతో పాటు వందలాది చిన్న చెరువులు కూడా వరదను నిలబెట్టేవి. 2020 అక్టోబరు వానకు కట్టలు తెగి కాలనీలు మునిగినప్పుడు నీరు తన పాత దారినే వెతుక్కుంది. మేము మురుగు కాలువగా చూస్తున్న నాలా ఆ పటంలో వాగు. మురుగును పక్కకు మళ్లించే గది ఎక్కడ కట్టమని అడిగినా ఆ వాగు వెడల్పును తినేయకుండా అడగాలి. సివిల్ వాళ్ల గీతలు మారాయి.

సూక్ష్మజీవశాస్త్రం పని ఇప్పుడే మొదలైంది. 2007లో స్వీడన్ పరిశోధకుల బృందం పటాన్‌చెరు ప్రాంతంలోని మందుల ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించింది. మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ అది. మా నాలాలో ఫ్యాక్టరీల నీరు లేదు, ఇళ్లదే. అయినా మందులకు లొంగని బాక్టీరియా వేళ్ల పొరల్లో స్థిరపడుతున్నాయా అని తప్పకుండా చూడాలి. కోసిన ఆకులను పశువులకు వేయొద్దని అప్పటిదాకా గట్టిగా చెబుతున్నాం.

డిసెంబరు

వట్టివేరు వేళ్లు మూరెడు దాటాయి. పడకల కింద చిన్న చేపలు చేరుతున్నాయి, వాటి కోసం కొంగలు వస్తున్నాయి. పడకల దగ్గర నీరు తేటపడిందా అని తెలుపు, నలుపు భాగాలున్న సెక్కి పళ్లెం దించి, ఎంత లోతున కనబడకుండా పోతుందో చూస్తున్నాం. చలికాలంలో నాచు తగ్గుతుంది కాబట్టి ఆ తేటదనాన్ని పడకల ఖాతాలో వేయను. పడకలు లేని మూలలో కూడా అదే పళ్లెం దించి, రెండిటి తేడా ఎండాకాలం దాకా చూడాలి.

పురపాలక ఇంజినీర్లు సమావేశానికి సమయం ఇచ్చారు. మా దగ్గర తీసుకెళ్లడానికి నాలుగున్నాయి: గంటు పలక గంటగంటకూ నమోదు చేసిన ప్రవాహం, తెల్లవారుజాము సీసాల ఫొటోలు, మూడు చోట్ల రేకులు, శిఖం హద్దు పటం. ఉదయం స్నానాలు, వంటపాత్రల వేళ ప్రవాహం ఎంత ఎగబాకుతుందో పట్టికలో స్పష్టంగా ఉంది. మళ్లింపు గొట్టం సైజు ఆ వేళకు సరిపోవాలి. రోజు సగటుకు సరిపోయేలా వేస్తే ప్రతి ఉదయం పొంగి చెరువులోకే పోతుంది. పట్టీల ఆవిడ, కట్ట మీది తాత కూడా మాతో వస్తామన్నారు. సమావేశం ఉదయం పది గంటలకు. తాత వల తీసి వచ్చేసరికి ఆలస్యమవుతుంది కాబట్టి పదకొండుకు మార్చమని అడిగాం, ఒప్పుకున్నారు.

జనవరిలో నాలా ఎగువన రెండో పలక బిగించాలి, పాత రేకుల స్థానంలో కొత్తవి వేలాడదీయాలి, మెట్టతామరను మొదటిసారి కోసి ఆకుల్లో భాస్వరం ఎంతుందో తేల్చాలి.